తాత సుట్టల డబ్బా

ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్ ల్యాబ్ మనందరం చేసినవాళ్లమే. కార్పెంటరీ ట్రేడ్‌లో ఒక టీ-ల్యాప్ జాయింట్, ఒక డవ్‌టెయిల్ జాయింట్. చెక్క ముక్క ఇస్తారు. రంపంతో కోసి, ఉలితో చెక్కి, రెండు ముక్కలు కలిపి సార్‌కి చూపిస్తే మార్కులు పడతాయి. సరిగ్గా కలవకపోతే సందులో రంపంపొట్టు, ఫెవికాల్ కలిపి కూరి, పైన సాండ్‌పేపర్ రుద్దితే అప్పుడూ మార్కులు పడతాయి. ఆ తర్వాత ఆ జాయింట్ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు.

నాది మాత్రం నేను ఇంటికి తీసుకెళ్లాను. జీవితంలో మొదటిసారి నా చేత్తో చేసిన వస్తువు కదా, ఎవరికైనా చూపించాలనిపించింది. మాది షామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి నుంచి కొంచెం లోపలికి పోతే వచ్చే ఊరు. కాలేజీ మేడ్చల్ వైపు. ల్యాబ్ టైమ్‌కి బస్సులు కుదరక ఫ్రెండ్స్‌తో మేడ్చల్‌లో రూమ్ తీసుకుని ఉంటున్నా, శనివారం సాయంత్రం ఇంటికి పోతా. ఆ శనివారం తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జాయింట్ ఆయన చేతిలో పెట్టా. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గిది దేనికి పనికొస్తదిరా?"

"మార్కులకు తాతా."

"పడ్డయా?"

"పడ్డయ్."

"మరింక పొయ్యిల పెట్టు."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నిజమే కదా, అది దేనికీ పనికిరాదు. సరే, పనికొచ్చేది ఒకటి చేసి చూపిస్తా అనుకున్నా. అలా అనుకుంటూ చుట్టూ చూస్తే తాత పక్కన ఆయన సుట్టల డబ్బా కనబడింది. ఎప్పటిదో బిస్కెట్ల రేకు డబ్బా, మూత సొట్టపోయి సరిగ్గా పట్టదు. అందులో పది పన్నెండు సుట్టలు, ఒక అగ్గిపెట్టె, మడత పెట్టిన మోదుగాకులు.

తాత సుట్టలు కొనడు, పొగాకు కొంటాడు. ఎండబెట్టిన మోదుగాకును కొంచెం తడి చేసి, అందులో పొగాకు పెట్టి తొడ మీద చుడతాడు. ఆ చుట్టడం చూడాలి. కళ్లు వీధిలో పోయేవాళ్ల మీద ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఒకదానికొకటి తేడా లేకుండా వస్తాయి. వెర్నియర్ క్యాలిపర్ పెట్టి కొలిచినా మిల్లీమీటరు తేడా ఉండదని నా నమ్మకం.

కానీ ఆ రేకు డబ్బాలో అవి నిలవ ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో ఎండి గలగలమంటాయి, నోట్లో పెట్టుకోగానే పొడి రాలుతుంది. వానాకాలం మెత్తబడి, ఒక్కోసారి బూజు పడుతుంది. సగం తాగుతాడు, సగం తిట్టుకుంటూ పారేస్తాడు.

ఇదే నా ప్రాజెక్ట్ అనుకున్నా. థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్‌కి కూడా నేను అంత సీరియస్‌గా ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ రాసుకోలేదు.

యూట్యూబ్‌లో వెతికితే పెద్ద లోకమే ఉంది. అమెరికాలో రిటైరైనవాళ్లు గ్యారేజీల్లో కూర్చుని సిగార్ల కోసం చెక్క డబ్బాలు, స్టాండ్లు, యాష్‌ట్రేలు చేస్తుంటారు. ఆ డబ్బాని హ్యుమిడార్ అంటారు. లోపల తేమ 65 నుంచి 70 శాతం మధ్య నిలవాలి. తక్కువైతే సిగార్ ఎండి పగులుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. అంటే మా తాత కష్టమే, కాకపోతే వాళ్లకి డబ్బాలున్నాయి.

నిజానికి సిగార్ మనకంత దూరపు వస్తువేం కాదు. ఇంగ్లీషులో చెరూట్ అనే మాట తమిళంలో చుట్టని పిలిచే మాట నుంచే పోయింది. చెరూట్‌కి రెండు కొసలూ తెరిచే ఉంటాయి, సిగార్‌కి ఒక కొస మూసి ఉంటుంది కాబట్టి దాన్ని కోయడానికి కట్టర్ కావాలి. తేడా అంతే. గోదావరి లంకల్లో పండే పొగాకుకు లంక పొగాకు అని పేరే ఉంది. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, గుంటూరులో పొగాకు బోర్డు ఉంది. 'కన్యాశుల్కం'లో గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న చదువు ఏదైనా ఉందంటే అది చుట్ట కాల్చడమే. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు నిప్పు ఉన్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు, దాన్ని అడ్డపొగ అంటారు. మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు. మా క్లాసులో ఉన్న పలాస ఫ్రెండ్‌ని అడిగితే, "మా మామ్మ అలాగే తాగేది, అందులో వింతేటుంది" అన్నాడు.

ఇంత చరిత్ర ఉన్నా చుట్టకి ఒక మంచి డబ్బా ఎవరూ చేసినట్టు నాకు కనబడలేదు. తలపాగా మడతలోనో, చెవి మీదో, రేకు డబ్బాలోనో ఉండాల్సిందే. ఆ లోటు నేను తీర్చాలనుకున్నా.

మొదటి డబ్బాకి చెక్క మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో దొరికింది. ఫ్యాక్టరీలకు మిషన్లు వచ్చే ప్యాలెట్లు విరిగిపోతే స్క్రాప్ షాపుల్లో పడుంటాయి. మెకానికల్ వాళ్లకి ఒక మాట చెప్తా, పనికొస్తుంది. ప్యాలెట్ మీద ముద్ర చూసి కొనండి. 'హెచ్‌టీ' అని ఉంటే చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా కాల్చారని అర్థం, పురుగు ఉండదు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని, దాని జోలికి పోకండి. నేను హెచ్‌టీ ముద్ర ఉన్న పైన్ చెక్కలు నాలుగు తెచ్చా. ఓఎల్‌ఎక్స్‌లో కొన్న పాత రంపం, రెండు ఉలులు, ఫెవికాల్, నాలుగు క్లాంపులు. రూమ్‌లో చప్పుడు చేస్తే ఓనర్ ఆంటీ ఊరుకోదు కాబట్టి టెర్రస్ మీద, వాటర్ ట్యాంక్ నీడలో పని.

డబ్బా అయింది. మూలలు కొంచెం వంకర, కానీ డబ్బా అని గుర్తుపట్టొచ్చు. తాత అందులో సుట్టలు పెట్టుకున్నాడు. మరుసటి శనివారం నేను వెళ్లేసరికి డబ్బా అరుగు కింద ఉంది, సుట్టలు మళ్లీ రేకు డబ్బాలో ఉన్నాయి.

"ఏమైంది తాతా?"

"సుట్ట ముట్టిస్తె రంగుల డబ్బా తాగినట్టుందిరా."

పైన్ చెక్కలో జిగురు ఉంటుంది, దాని టర్పెంటైన్ వాసనంతా పొగాకుకి పట్టేసింది. చెక్క ఎలా నిలబడుతుందో చూశా గానీ, ఎలా వాసన వస్తుందో చూడలేదు.

మళ్లీ చదవడం మొదలుపెట్టా. హ్యుమిడార్లకి వాడేది స్పానిష్ సెడార్. దానికి ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. అది స్పెయిన్‌ది కాదు, సెడార్ కూడా కాదు. మధ్య, దక్షిణ అమెరికాల చెట్టు, అసలు పేరు సెడ్రెలా ఒడొరాటా. పురుగుని రానివ్వదు, తేమని పీల్చుకుని మెల్లగా వదులుతుంది, దాని వాసన పొగాకుకి నప్పుతుంది. ఇక్కడ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంటే దాని కుటుంబం పేరు కనబడింది. మెలియేసి. మహాగని అదే కుటుంబం. దాని కిందే ఇంకో పేరు చూసి నవ్వొచ్చింది. మన వేప.

మాకు వేప చెక్క కొనాల్సిన పని లేదు. మా పాత పెంకుటిల్లు కూలగొట్టి స్లాబ్ ఇల్లు కట్టినప్పుడు వేప దర్వాజ ఒకటి తీసి కొట్టంలో పెట్టారు. తాత పెళ్లినాటికే ఆ దర్వాజ ఉందట. చెదలు ముట్టలేదు. దాన్ని కోస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. తాతే అన్నాడు, "ఇల్లే లేదు, దర్వాజ ఏం జేసుకుంటవ్. కోయనియ్."

కోయడం నా వల్ల కాలేదు. వేపలో పోగులు ఒక వరస అటు, ఒక వరస ఇటు అల్లుకుని ఉంటాయి. రందా పడితే ఒకచోట నున్నగా వస్తుంది, జానెడు దూరం పోగానే చెక్క పెచ్చులు లేస్తుంది. చివరికి మా ఊరి వడ్ల తాత దగ్గరికి తీసుకెళ్లా. ఆయన ఇప్పుడు పని మానేశాడు, రెడీమేడ్ తలుపులు వచ్చాక పిలిచేవాళ్లు లేరు. రందా బ్లేడు తీసి, వెలుగులో పెట్టి చూసి, "దీంతోని వెన్న గూడ తెగది" అన్నాడు. రెండు గంటలు రాయి మీద నూరడమే నేర్పాడు. ఆ తర్వాత రందాని నేరుగా కాకుండా కొంచెం ఏటవాలుగా పట్టి, పలచగా తీయడం చూపించాడు. మన ల్యాబ్‌లో ఒక్క సెమిస్టర్‌లో నేర్వని పని ఆ రెండు గంటల్లో నేర్చుకున్నా. పనిముట్టు పదునుగా ఉంటే చెక్కతో కొట్లాడే పని సగం తగ్గుతుంది.

డబ్బా కొలతలు తాత సుట్టల్ని బట్టి వేశా. లోపల రెండు అరలు, ఒక్కో అరలో పది గాళ్లు, ఒక్కో గాడిలో ఒక సుట్ట పడుకునేలా. మొత్తం ఇరవై. బయట లక్కని స్పిరిట్‌లో కరిగించి నాలుగు పూతలు పూశా. లోపల ఏ పూతా పూయలేదు, పూస్తే చెక్క తేమ పీల్చదు, పైగా మళ్లీ వాసన. తేమ కోసం ఒక మూలలో చిన్న అర చేసి అందులో కుండపెంకు పెట్టా. రెండ్రోజులకోసారి ఆ పెంకుని నీళ్లలో ముంచి, తుడిచి, పెట్టాలి. పెంకు నీళ్లు తాగి మెల్లగా వదులుతుంది.

హైగ్రోమీటర్ ఆన్‌లైన్‌లో కొన్నా, చవకది. అది నిజం చెప్తుందో లేదో చూడ్డానికి మంచి పద్ధతి ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీళ్లు చల్లి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని కవర్‌లో ఒక రోజు పెట్టాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. నాది 69 చూపించింది. అంటే అది చెప్పినదానికి ఆరు కలుపుకోవాలి. వేప డబ్బాలో వారం పెట్టి చూస్తే, కలుపుకున్నాక 66, 67, 68. ఆ రీడింగులు చూసి టెర్రస్ మీద ఒక్కడినే గంతులేశా.

తాతకి ఇచ్చిన రోజు ఆయన మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మా ఇంటి వాసనొస్తుందిరా" అన్నాడు. నా బతుకులో దానికి మించిన గ్రేడ్ నాకు రాలేదు, రాదు కూడా.

ఆగస్టులో మూత బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాదు. చెక్క పొడవు వైపు దాదాపు మారదు, అడ్డం వైపు మాత్రం తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. నేను ఎండాకాలం కొలతతో సందు లేకుండా బిగించి చేశా. వడ్ల తాత నవ్వి, "చెట్టు సచ్చినా చెక్క బతికే ఉంటది బిడ్డా, దానికి ఊపిరాడనియ్యాలె" అన్నాడు. అంచు మిల్లీమీటరున్నర తీసేస్తే మళ్లీ మామూలైపోయింది. అప్పటికి నాకు అదే డబ్బాలో పెద్ద లోపం అనిపించింది.

దసరాకి వారం రోజులు ఇంట్లో ఉన్నా. పొద్దున డబ్బా తెరిస్తే ఇరవై గాళ్లు నిండా ఉన్నాయి. మూడో రోజు సాయంత్రానికి ఖాళీ. తాత మళ్లీ చుట్టడానికి కూర్చున్నాడు.

నాకు తెలిసి తాత రోజుకి నాలుగు తాగేవాడు. తిన్నాక ఒకటి, పొద్దున ఒకటి, అలా. అందులోనూ ఎండిపోయినవి సగంలో పారేసేవాడు. ఇప్పుడు ఆరు, ఏడు. నాయనమ్మని అడిగా. ఆమె రోలు దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు. "నువ్వు డబ్బా జేసిచ్చినంక సుట్ట మంచిగ కాలుతుందంట. మంచిగ కాలితె ఇంకోటి తాగరా మరి?"

గాళ్లు లెక్కపెట్టుకోడానికి వీలుగా ఉంటాయని చేశా. లెక్క ఇలా వస్తుందనుకోలేదు. రేకు డబ్బా ఉన్నప్పుడు ఎండ, వాన, బూజు, ఇవన్నీ తాతని కొంచెం ఆపేవి. నేను వాటన్నిటినీ ఒక్కొక్కటే తీసేశా, అదీ హైగ్రోమీటర్ పెట్టి మరీ. ఇంజినీరింగ్ అంటే ఘర్షణ తగ్గించడం అని మనకు చెప్తారు. కొన్ని చోట్ల ఆ ఘర్షణే మనిషిని కాపాడుతుందని ఏ సబ్జెక్టులోనూ లేదు.

అదే వారం తాత అన్నం తింటూ కారం తగిలి మొహం చిట్లించాడు. నోరు తెరవమని సెల్ ఫోన్ లైట్ వేసి చూశా. బుగ్గ లోపల తెల్లటి మచ్చ, రూపాయి బిళ్లలో సగం ఉంటుంది. ఎన్నాళ్ల నుంచి ఉందంటే, "ఏమో, ఉగాది కాడికెల్లి" అన్నాడు. ఉగాది అంటే డబ్బాకి ముందే. ఆ మాట విని నాకు కొంచెం తేలికైంది. తేలికైనందుకు తర్వాత చాలా రోజులు నా మీద నాకే అసహ్యం వేసింది.

సిటీలో పెద్ద దవాఖానకి తీసుకెళ్లాం. డాక్టర్ గారు ల్యూకోప్లేకియా అన్నారు. ఈ మచ్చలన్నీ క్యాన్సర్ కావు, కొన్ని అవుతాయి, ఏది అవుతుందో చూసి చెప్పలేం, ముక్క తీసి పరీక్ష చేయాలి అన్నారు. రిపోర్టుకి పది రోజులు.

ఆ పది రోజుల మధ్యలోనే ఇంకో సంగతి జరిగింది. ఇది రాయకుండా ఉంటే బాగుండేది గానీ, రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

వేప డబ్బా ఫొటోలు నేను ఇన్‌స్టాలో పెట్టి ఉన్నా. మన సీనియర్ అన్న ఒకాయన చూసి, వాళ్ల బాబాయికి షామీర్‌పేట దగ్గర ఫామ్‌హౌస్ ఉందని, ఆయనకి సిగార్ల కోసం ఒక హ్యుమిడార్, ఒక యాష్‌ట్రే కావాలని చెప్పాడు. ఏడు వేలు ఇస్తామన్నారు. రెండు వేలు అడ్వాన్స్ దసరాకి ముందే ఫోన్‌పే చేశారు. ఆ రెండు వేలతో నేను అప్పటికే మంచి రందా ఒకటి కొనేశా.

చేశాను. వెనక్కి ఇవ్వడానికి డబ్బులు లేవని నాకు నేను చెప్పుకున్నా. నిజానికి అప్పు అడిగితే రూమ్మేట్ ఇచ్చేవాడు. నాకు ఆ పని చేయాలనే ఉంది. సిగార్ లావుని రింగ్ గేజ్‌లో చెప్తారు, ఒక గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. ఆయన తాగేది 50 గేజ్, అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. యాష్‌ట్రే అంచున సిగార్ ఆనడానికి 22 మిల్లీమీటర్ల గాడి చెక్కా, దొర్లకుండా, ఇరుక్కోకుండా. నిప్పు చెక్కకి తగలకూడదు కాబట్టి మధ్యలో స్టీలు గిన్నె దించా. హ్యుమిడార్ మూత ఈసారి వానాకాలానికి సందు వదిలి చేశా. మూత మెల్లగా మూస్తే లోపలి గాలి నెమ్మదిగా బయటికి పోతూ, చిన్న నిట్టూర్పులాంటి శబ్దం వస్తుంది. అది వస్తే డబ్బా బాగా కుదిరిందని అర్థం. నాకు వచ్చింది. తాత రిపోర్టు ఇంకా రాలేదు, నేను టెర్రస్ మీద ఆ మూత తీసి మూసి, తీసి మూసి, ఆ శబ్దం వింటూ కూర్చున్నా.

ఫామ్‌హౌస్‌కి ఇవ్వడానికి వెళ్తే ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. టీ ఇప్పించారు. డబ్బా చూసి పొగిడారు. సిగార్లు నెలకి ఒకటో రెండో, అదీ ఫ్రెండ్స్ వస్తేనే అన్నారు. బయటికొచ్చి షామీర్‌పేట చెరువు కట్ట దగ్గర బండి ఆపి చాలాసేపు కూర్చున్నా. చెరువు నిండా నీళ్లు. ఆయనకి నెలకి రెండు, తాతకి రోజుకి ఏడు. ఒకటే చెయ్యి చేసిన డబ్బాలు. ఆయన దగ్గర అది షో కోసం, తాత దగ్గర అది బతుకులో భాగం. తప్పు ఎవరి డబ్బాలో ఎక్కువ ఉందో లెక్క తేలలేదు. జేబులో అయిదు వేలున్నాయి.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ కణాల్లో మార్పు మొదలైంది, పొగ మానేయాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అన్నారు. అమ్మ ఏడ్చింది. నాన్న బయటికెళ్లి నిలబడ్డాడు. తాత మాత్రం, "కాదన్నరు గదా" అన్నాడు.

ఇంటికొచ్చాక నేను నా తెలివి చూపించా. "తాతా, ఇంకో డబ్బా చేస్త. రెండే గాళ్లు. రోజుకి రెండే పెట్టుకో. తర్వాత ఒకటే గాడిది చేస్త." ప్రాబ్లమ్ వస్తే డిజైన్ మార్చడం తప్ప ఇంకేం రాదు కదా మనకి.

తాత నన్ను కాసేపు చూశాడు. "డబ్బా చిన్నగ జేస్తె నా పానం చిన్నగైతదారా?" అన్నాడు. వెక్కిరించలేదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండు వారాల తర్వాత శనివారం ఇంటికి పోతే నా మంచం మీద వేప డబ్బా ఉంది. లోపల ఖాళీ. గాళ్లు గుడ్డతో తుడిచి ఉన్నాయి. కుండపెంకు కూడా తీసి ఆరబెట్టి పెట్టాడు. అరుగు మీద తాత పక్కన మళ్లీ ఆ సొట్టమూత రేకు డబ్బా.

"ఇదేంది తాతా?"

"నీ డబ్బా నువ్వు తీస్కపో. దాంట్ల పెడితె మంచిగుంటయ్. మంచిగుంటె తాగబుద్దయితది." కాసేపాగి మళ్లీ అన్నాడు, "నీ పనికి వంక లేదురా. మంచిగ జేసినవ్. అదే తిప్పలు."

తాత సుట్ట మానేశాడని రాస్తే ఈ వ్యాసానికి మంచి ముగింపు అయ్యేది. మానలేదు. నలభై రోజులు ముట్టలేదు, అది మాత్రం నిజం. సంక్రాంతికి చుట్టాలొచ్చినప్పుడు మళ్లీ ఒకటి ముట్టించాడు. ఇప్పుడు రాత్రి తిన్నాక ఒకటి, అది ఎండిపోయి పొడి రాలుతుంటే సగంలో పారేస్తాడు. పారేసినప్పుడల్లా నావైపు చూసి నవ్వుతాడు. మచ్చ పెరగలేదు, పోలేదు. మొన్న మూడో చెకప్‌కి నేనే తీసుకెళ్లా.

చట్టం ప్రకారం కాలేజీకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. గజాలు కొలిచే పని సర్వేయింగ్ ల్యాబ్ చేసిన సివిల్ వాళ్లకి వదిలేస్తున్నా. ఇది చదివి ఎవరైనా సిగరెట్ మానేస్తారని నేను అనుకోవట్లేదు. తాతకే చెప్పలేకపోయినవాణ్ని, మీకేం చెప్తా.

నేను చెక్కపని మానలేదు. ఆ మంచి రందా ఇంకా నా దగ్గరే ఉంది. వడ్ల తాత దగ్గరికి ఆదివారాలు పోతున్నా, ఇప్పుడు స్టూల్ నేర్పిస్తున్నాడు. సిగార్ డబ్బాల కోసం ఇంకో ఇద్దరు అడిగారు, చేయనని చెప్పా. అది గొప్ప నిర్ణయమేం కాదు. మొదటిది చేసి, అయిదు వేలు జేబులో వేసుకున్నాక తీసుకున్నది. ఇప్పుడు ఎవరైనా ఏదైనా చేయమంటే కొలతలు అడిగేముందు అందులో ఏం పెడతారని అడుగుతున్నా.

వేప డబ్బా మేడ్చల్ రూమ్‌లో నా టేబుల్ మీద ఉంది. పెన్నులు, ఒక వెర్నియర్, ఉలి నూరే చిన్న రాయి పెట్టుకున్నా. పెన్ను కోసం మూత తీసినప్పుడల్లా మా పాత ఇంటి వాసన వస్తుంది, దాంతో పాటే పొగాకు వాసన కూడా. లోపల పూత వేయలేదు కదా, చెక్క పీల్చేసుకుంది. సాండ్‌పేపర్ పట్టి చూశా, పోలేదు. ఇప్పుడు తీసేయాలని కూడా లేదు.

ఆ టీ-ల్యాప్ జాయింట్ మాత్రం నాయనమ్మ నిజంగానే పొయ్యిలో పెట్టేసింది. బాగా మండిందట.